లాంగ్‌ఆర్మ్ మిషన్‌పై దారం తెగుతుంటే ఏ వరుసలో వెతకాలి

లాంగ్‌ఆర్మ్ అంటే ఫ్రేముకు బిగించిన గుడ్డపై తల కదులుతూ కుట్టే పెద్ద మిషను. దానిపై క్విల్ట్ (మధ్యలో దూది పొరతో మూడు పొరలుగా కుట్టే దుప్పటి) కుట్టేటప్పుడు దారం తెగగానే చాలామంది చేయి నేరుగా టెన్షన్ నాబ్ (దారం బిగువును మార్చే మర) మీదికి వెళ్తుంది. ముందుగా ఆ అలవాటును మానుకోవలసిందిగా కోరుతున్నాను. నిన్న సాయంత్రం వరకు అదే అమరికతో సజావుగా కుట్టిన మిషను ఈ ఉదయం దారం తెంపుతోందంటే, మారినది నాబ్ అయ్యే అవకాశం తక్కువ. సూది మొద్దుబారి ఉండవచ్చు, కోన్ (దారం చుట్టి వచ్చే శంకువు) అడుగున దారం చిక్కుకుని ఉండవచ్చు, పై దారాన్ని పట్టి కింది దారం చుట్టూ తిప్పే హుక్ చుట్టూ నూగు పేరుకుని ఉండవచ్చు. అటువంటప్పుడు నాబ్‌ను తిప్పితే అసలు లోపం ఉన్నచోటే ఉండి, దానికి మరో లోపం తోడవుతుంది. ఆ తరువాత రెండింటిలో ఏది దారం తెంపుతోందో తేల్చడం కష్టమవుతుంది. కాబట్టి ఈ వ్యాసమంతా ఒకే నియమం మీద నడుస్తుంది: ఖర్చులేని, సులువైన కారణాలను ముందు చూడాలి, ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి, మార్చిన ప్రతిసారీ పాత గుడ్డ మీద కుట్టి చూడాలి.

దర్జీలు వాడే జూకీ వంటి పవర్ మిషన్‌పై పనిచేసినవారికి లాంగ్‌ఆర్మ్‌లో ఎక్కువ భాగాలు తెలిసినవే. దారాన్ని నొక్కి బిగువు ఇచ్చే టెన్షన్ డిస్కులు, దారాన్ని పైకి లాగే లీవరు, కింది దారం చుట్టిన బాబిన్‌ను పెట్టే బాబిన్ కేస్, షటిల్ అని మన దర్జీలు పిలిచే హుక్, అన్నీ ఇక్కడా ఉంటాయి. తేడా కదలికలో ఉంది. పవర్ మిషన్‌లో పళ్లు గుడ్డను ఒకే దిశలో జరుపుతాయి, అదీ సూది గుడ్డను వదిలి పైకి లేచాకే జరుపుతాయి. లాంగ్‌ఆర్మ్‌లో గుడ్డ ఫ్రేముకు బిగించి ఉంటుంది. మిషన్ తల పట్టాలపై అన్ని దిక్కులకూ కదులుతుంది, సూది మూడు పొరల్లోకి దిగి ఉన్న క్షణంలో కూడా ఆ కదలిక ఆగదు. అందువల్ల దాదాపు ప్రతి కుట్టులోనూ సూది కొద్దిగా వంగుతుంది. దీనికి తోడు, పై దారంలోని ఏ ముక్క అయినా కుట్టులో స్థిరపడే లోపల సూది బెజ్జంలో పదుల సార్లు ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. మామూలు మిషన్‌పై ఎన్నాళ్లయినా తెగని దారం ఇక్కడ తెగడానికి కారణం చాలావరకు ఈ రెండు విషయాల్లోనే దొరుకుతుంది.

తెగిన కొనను చూడండి

దారం తెగగానే మిషన్ ఆపండి, కొత్తగా దారం ఎక్కించే తొందర వద్దు. తెగిన కొనను తెల్ల కాగితం మీద పెట్టి, వీలైతే భూతద్దంతో చూడండి.

కొన నూగు నూగుగా చీలి, ఒక పోగు తెగి మిగిలిన పోగుల మీద ముద్దగా పైకి చేరి ఉంటే అది రాపిడి గుర్తు. దారం ఏదో గరుకైన అంచుకో, తనకు చాలని సూది బెజ్జానికో రాసుకుని అరిగి తెగింది. సూది, సూది ప్లేటు, హుక్ మీ అనుమానితుల జాబితాలో ముందుండాలి. కొన శుభ్రంగా పుటుక్కున తెగినట్టుగా ఉంటే అది ఒక్కసారిగా లాగుడు పడిన గుర్తు. కోన్ దగ్గర, స్టాండు కొక్కెం దగ్గర, లేదా దారం రెండుసార్లు చుట్టుకున్న మరేదైనా చోట అది ఆగిపోయి ఉంటుంది. పాలియెస్టర్ దారం కొన స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే అది తెగే ముందు బాగా సాగిందన్నమాట, కనుక పై టెన్షన్ ఎక్కువగా ఉందని అనుమానించడానికి ఆధారం దొరికినట్టే. కత్తితో కోసినట్టు అడ్డంగా తెగి ఉంటే లోహపు పదునైన అంచు ఒకటి దారి మధ్యలో ఉంది.

కొనను చూసిన తరువాత మూడు విషయాలు రాసుకోండి. దారం సరిగ్గా ఎక్కడ తెగింది: టెన్షన్ డిస్కులకు పైననా, సూది దగ్గరా, గుడ్డ అడుగునా? మిషన్ ఏ దిశలో కదులుతుండగా తెగింది? బాబిన్ మార్చడం, కోన్ మార్చడం, సూది మార్చడం, ఫ్రేముపై గుడ్డను చుట్టి ముందుకు జరపడం వంటివాటిలో చివరిగా చేసిన పని ఏమిటి? చివరి ప్రశ్నకు జవాబు దొరికితే చాలాసార్లు మిగిలిన వెతుకులాట అవసరమే ఉండదు.

దారాన్ని కోన్ నుంచి మళ్లీ ఎక్కించండి

తెగిన చోట ముడి వేసి సరిపెట్టకుండా, కోన్ దగ్గర దారాన్ని కత్తిరించి పాత దారాన్ని సూది వైపు నుంచి లాగి తీసేయండి. వెనక్కు, అంటే కోన్ వైపు లాగితే చిరిగిన పోగులు టెన్షన్ డిస్కుల మధ్య చిక్కుకుంటాయి.

కోన్ దగ్గర మొదలుపెడితే, స్టాండుపై ఉన్న కొక్కెం కోన్ నడినెత్తికి సూటిగా పైన ఉండాలి. పక్కకు జరిగి ఉంటే కోన్ ఒక వైపు అంచుకు దారం రాసుకుంటూ లేస్తుంది, ఒక్కో చుట్టుకు ఒక్కోలా లాగుడు పడుతుంది. జారుడుగా ఉండే పాలియెస్టర్ దారం కోన్ అడుగుకు చుట్టలుగా జారి పీఠం కింద చిక్కుకోవడం తరచుగా జరిగే విషయం. దానికి కోన్‌పై తొడిగే సన్నని వల చవకైన విరుగుడు. కొన్ని కోన్‌ల అడుగు అంచున దారం చివరను దాచడానికి ఒక గాటు ఉంటుంది, జారిన దారం అందులో ఇరుక్కున్నా ఫలితం అదే.

ఆపైన మూడు రంధ్రాల గైడ్ వస్తుంది. మందపు దారానికి ఒక రంధ్రం గుండా పోనిస్తే చాలు. మూడింటిలోనూ చుట్టి చుట్టి పోనిస్తే నాబ్ ముట్టుకోకుండానే టెన్షన్ పెరిగిపోతుంది. టెన్షన్ డిస్కుల దగ్గర దారాన్ని రెండు చేతులతో రెండు వైపులా బిగువుగా పట్టుకుని, ముందుకూ వెనక్కూ ఒకటి రెండుసార్లు లాగుతూ డిస్కుల మధ్య లోతుగా కూర్చోబెట్టండి. పైపైన ఆనుకుని ఉన్న దారం కాసేపు బాగానే కుడుతుంది, ఆపై బయటికి జారి అడుగున గుబురుగా చుట్టుకుని, ఆ గుబురే పై దారాన్ని తెంపుతుంది. డిస్కుల పక్కనే ఉండే చిన్న తీగ స్ప్రింగును మరచిపోకండి. సూది కిందికి దిగేటప్పుడు వదులైన దారాన్ని పట్టి ఉంచడం దాని పని. దారం దాని కొక్కెంలో పడకపోతే వదులు దారం సూది మొన కిందికి వచ్చి చీలిపోతుంది. చేత్తో దారాన్ని లాగి వదిలినప్పుడు ఆ స్ప్రింగు చురుగ్గా వెనక్కు రావాలి.

ఇంత చెప్పడానికి సమయం పట్టింది కానీ, చేయడానికి రెండు నిమిషాలు చాలు. దారం తెగుడు ఇక్కడే తీరిపోయే సందర్భాలు తక్కువేమీ కాదు.

సూది

సూది ధర దారం ధరలో చిన్న భాగం, గుడ్డ ధరలో లెక్కలోకి రానంత. అయినా పాత సూదిని ఇంకొంచెం లాగుదామనుకునే పొదుపు మనలో చాలామందికి ఉంది. లాంగ్‌ఆర్మ్ విషయంలో ఆ పొదుపు నష్టమే తెస్తుంది. పెద్ద క్విల్ట్ ఒకటి పూర్తయ్యాక సూది మార్చడం మంచి పద్ధతి. స్కేలుకో, గుండుసూదికో, సూది ప్లేటుకో తగిలిన సూదిని మాత్రం పని మధ్యలో ఉన్నా సరే వెంటనే మార్చాలి. తగిలిన మొన వంకర కంటికి కనిపించకపోవచ్చు. గోటి మీదుగా మొనను మెల్లగా లాగితే గీత పడుతుందేమో చూడండి, పడితే ఆ సూదితో పని అయిపోయినట్టే.

ఇంట్లోని మామూలు మిషన్ సూది పైభాగం ఒక వైపు చదునుగా ఉంటుంది కనుక దాన్ని తప్పుగా బిగించడం కష్టం. లాంగ్‌ఆర్మ్ సూది పైభాగం పూర్తిగా గుండ్రంగా ఉంటుంది, ఏ కోణంలోనైనా బిగుసుకుంటుంది, అందుకే జాగ్రత్త మీ మీద పడుతుంది. సూదికి ఒక వైపు నిలువునా పొడవైన గాడి, రెండో వైపు బెజ్జానికి కాస్త పైన చెక్కినట్టున్న పల్లం ఉంటాయి. పొడవైన గాడి మీ వైపు, పల్లం వెనక వైపు హుక్‌కు ఎదురుగా ఉండాలి. బెజ్జంలోకి ఒక సన్నని గుండుసూదిని దూర్చి చూస్తే అది మీ వైపు సూటిగా నిలబడాలి. పక్కకు తిరిగి ఉంటే సూది మెలి తిరిగి ఉందని అర్థం. అలాగే సూదిని పైకి పూర్తిగా ఆనేంతవరకు తోసిన తరువాతే మర బిగించండి. అర మిల్లీమీటరు కిందికి ఉన్నా హుక్ దారాన్ని అందుకునే చోటు మారుతుంది.

ఇక పరిమాణం. చాలా లాంగ్‌ఆర్మ్ మిషన్లలో వాడే ఎంఆర్ రకం సూదులు అన్ని దిక్కుల కదలికను తట్టుకోవడానికి మామూలు సూదికన్నా గట్టిగా తయారవుతాయి. మామూలు మిషన్ సూదుల సైజు లెక్కలో చెబితే, వాటిలో 3.5 అంటే 16/100, 4.0 అంటే 18/110, 4.5 అంటే 19/120, 5.0 అంటే 21/130. ఇందులో 100 అంటే సూది కాండం మందం సుమారు ఒక మిల్లీమీటరు, 110 అంటే 1.1 మిల్లీమీటర్లు. 40 వెయిట్ (వెయిట్ దారం మందాన్ని తెలిపే అంకె, అది పెరిగితే దారం సన్నం) దారానికి 4.0 సూది మంచి ఆరంభం. 60 కన్నా సన్నని దారాలకు 3.5కు దిగవచ్చు. 30 వెయిట్, అంతకంటే మందపు దారాలకు 4.5 లేదా 5.0 కావాలి. అనుమానం ఉన్నప్పుడు ఒక సైజు పెంచి చూడటం తగ్గించి చూడటం కన్నా మేలు, ఎందుకంటే బెజ్జంతో పాటు సూది బలం కూడా పెరుగుతుంది, వంగడం తగ్గుతుంది.

దారానికీ బెజ్జానికీ పొత్తు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మూరెడు దారాన్ని విడి సూదిలోకి ఎక్కించి, రెండు కొనలనూ పట్టుకుని బిగువుగా ఏటవాలుగా ఉంచండి. సూది తన బరువుతోనే కిందికి జారాలి. మధ్యలో ఆగితే బెజ్జం చిన్నది, లేదా దారం ఎత్తుపల్లాలుగా ఉంది.

దారం

వెయిట్ అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది: 40 వెయిట్ అంటే ఒక కిలో బరువున్న దారం సుమారు 40 కిలోమీటర్ల పొడవు వస్తుందని లెక్క. అయితే కంపెనీలన్నీ ఈ లెక్కను ఒకేలా పాటించవు, అందువల్ల రెండు వేర్వేరు కంపెనీల 40 వెయిట్ దారాలు ఒకే మందంలో లేకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. కోన్‌పై టెక్స్ అంకె ముద్రించి ఉంటే దాన్నే నమ్మండి. టెక్స్ అంటే వెయ్యి మీటర్ల దారం బరువు ఎన్ని గ్రాములో చెప్పే అంకె, అది పెరిగితే దారం మందం పెరుగుతుంది.

పురి దిశ కూడా చూడవలసినదే. పై దారం, కింది దారం ముడిపడే లాక్‌స్టిచ్ మిషన్లకు జడ్ పురి (Z అక్షరం మధ్య గీతలా వాలిన పురి) దారం కావాలి. దానికి ఎదురు దిశలో తిరిగిన ఎస్ పురి దారం హుక్ చుట్టూ తిరుగుతూ తిరుగుతూ విడిపోయి, చివరికి చీలుతుంది. చేతి కుట్టుకు, అల్లికకు, ఇతర పనులకు కొన్న అందమైన దారాలను లాంగ్‌ఆర్మ్‌కు ఎక్కించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. పాత నూలు దారం ఎండకు, పొడి గాలికి పెళుసెక్కుతుంది. అదే రకం కొత్త దారాన్నీ పాతదాన్నీ రెండు చేతులతో లాగి తెంపి చూస్తే తేడా వేళ్లకే తెలుస్తుంది. అమెరికాలో చలికాలమంతా హీటర్ నడిచే గదుల్లో గాలి ఎంత పొడిబారుతుందో అక్కడ ఉంటున్న మనవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ గాలిలో పాలియెస్టర్ దారానికి స్థిర విద్యుత్ పట్టి అది మిషన్ ఒంటికి, గైడ్లకు అంటుకుంటుంది. గదిలో తేమ పెంచే చిన్న యంత్రం పెడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

దారాన్ని అనుమానిస్తున్నప్పుడు తిరుగులేని పరీక్ష ఒకటే. ఎప్పుడూ ఇబ్బంది పెట్టని ఒక మంచి పాలియెస్టర్ దారాన్ని పక్కన ఉంచుకుని, అదే సూది, అదే అమరికతో దానితో కుట్టి చూడండి. అది తెగకపోతే మిషన్‌ను వదిలేయండి, తప్పు కోన్‌లో ఉంది.

బాబిన్, హుక్

బాబిన్ మార్చిన ప్రతిసారీ బ్రష్‌తో హుక్ చుట్టూ ఉన్న నూగు తీసి, తయారీదారు చెప్పిన నూనె ఒక్క చుక్క వేయండి. ఇక్కడ చుక్క అంటే చుక్కే. బాబిన్ కేస్ మీది సన్నని రేకు స్ప్రింగు కింద నూగు చేరితే కింది దారం లాగుడు ఊరికే మారిపోతుంది. మందపాటి కాగితం మూలను ఆ రేకు కిందుగా పోనిస్తే అది శుభ్రపడుతుంది.

బిగువు చూడటానికి బాబిన్ కేస్‌ను అరచేతిలో పెట్టి దారాన్ని పైకి లాగండి: కేస్ నిలబడాలి, అరచేయి వదిలి గాల్లోకి లేవకూడదు. కింది దారం బాగా బిగువుగా ఉంటే దాన్ని సరితూచడానికి పై దారాన్నీ బిగించవలసి వస్తుంది, తెగేది చివరికి పై దారం. కాబట్టి టెన్షన్‌ను ఎప్పుడూ బాబిన్ వైపు నుంచి సరిచేసి, ఆ తరువాతే పైదాన్ని దానికి జతపరచాలి. బాబిన్ దారం బిగువును కొలిచే టోవా గేజ్ కొనుక్కుంటే ఈ చేతి అంచనాలకు బదులు ఒక అంకె చేతికి వస్తుంది, తరచుగా కుట్టేవారికి అది వృథా ఖర్చు కాదు.

తెగేది కింది దారమే అయితే కథ వేరు. వదులుగా లేదా ఎగుడుదిగుడుగా చుట్టిన బాబిన్, అంచు దాటేంత నింపిన బాబిన్, కింద పడి అంచు వంగిన బాబిన్, కేస్‌లో తిరగేసి పెట్టిన బాబిన్, వీటినే ముందు చూడండి.

ఫ్రేము మీది గుడ్డ

ఈ కారణాన్ని మిషన్ రిపేరు చేసేవారు సైతం అడగడం మరచిపోతారు. క్విల్ట్‌ను డోలు చర్మంలా బిగిస్తే అందంగా కుట్టవచ్చన్న భ్రమ కొత్తవారిలో ఎక్కువ. నిజానికి అంత బిగువులో సూది వంగడానికి చోటు దొరకదు, కుట్టు మధ్యలో ముడిపడటానికి గుడ్డ ఇవ్వవలసిన సడలింపూ దొరకదు. కింది నుంచి వేలితో నొక్కితే గుడ్డ తేలికగా పైకి లేచి, పై నుంచి ఆ వేలి కొనను పట్టుకోగలిగేంత సడలింపు ఉండాలి. పక్క క్లాంపులను కూడా ఇదే లెక్కన వదలండి. చుట్టేకొద్దీ రోలరు లావెక్కి క్విల్ట్ ఎత్తు పెరుగుతుంది, కనుక మిషన్ చేతికీ క్విల్ట్‌కూ మధ్య ఒక వేలి మందం ఎడం ఉండేలా అప్పుడప్పుడూ రోలరు ఎత్తు సరిచూసుకోండి.

గుడ్డ సంగతికి వస్తే, బాటిక్ వంటి దట్టమైన నేత సూదికి ఎదురు నిలుస్తుంది. ముక్కలు అతికిన చోట అనేక అతుకులు ఒక్కచోట కలిస్తే అక్కడా అంతే. అటువంటి గుట్టల మీదుగా వేగం తగ్గించి వెళ్లండి. అంటించే స్ప్రేలు, ఇస్త్రీతో అతికే పొరలు సూదికి జిగురు పూస్తాయి. అలాంటి క్విల్ట్‌లో దారం చీలుతుంటే సూదిని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి చూడండి.

దిశల పరీక్ష

ఇంతవరకు చేసినా తీరకపోతే, పాత గుడ్డ, పాత దూది పొరతో ఫ్రేము పక్క అంచున చిన్న ముక్క బిగించి, ముదురు రంగు దారంతో ఎనిమిది దిక్కులకూ చేతెడు గీతలు కుట్టండి. వాటి పక్కనే కుడి వైపు తిరుగుతూ కొన్ని సున్నాలు, ఎడమ వైపు తిరుగుతూ కొన్ని సున్నాలు చుట్టండి. అన్ని దిశల్లోనూ తెగితే లోపం దారం దారిలోనో, సూదిలోనో, టెన్షన్‌లోనో ఉంటుంది. ఒకటి రెండు దిశల్లోనే తెగితే సూది వంగడం, హుక్ అమరిక అనుమానాస్పదం. హుక్ మొన సూది వెనక నుంచి వెళ్తుంది. సూది ముందుకో వెనక్కో వంగితే రెంటి మధ్య ఎడం మారుతుంది, పక్కలకు వంగితే మొన వచ్చే వేళ మారుతుంది. ఒకే దిశలో తెగుతుంటే ముందు పెద్ద సూది వేసి, వేగం తగ్గించి చూడండి. కంప్యూటర్ నడిపే మిషన్ అయితే వేగాన్ని సగానికి దించి అదే డిజైన్ మళ్లీ కుట్టించండి. వేగం తగ్గగానే తెగుడు ఆగితే రిపేరు అక్కరలేదు.

గరుకు అంచులు, టైమింగ్

మిషన్ స్విచ్ తీసేసి, సూది ప్లేటు రంధ్రం అంచు, హుక్ ఒంటి అంచులు, బాబిన్ కేస్ అంచు, ఆఖరికి దారం తిరిగే గైడ్లు కూడా పాత నైలాన్ మేజోడు ముక్కతో మెల్లగా తుడవండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ గరుకు ఉంది. ప్లేటు రంధ్రంలోని చిన్న గీతలను అతి సన్నని రకం ఎమెరీ కాగితంతో, లేదా దానికోసమే అమ్మే రాపిడి దారంతో నునుపు చేయవచ్చు. హుక్ మొనను మాత్రం మీరు అరగదీయకండి, దాని ఆకారం మారితే హుక్‌నే మార్చవలసి వస్తుంది.

టైమింగ్, అంటే సూది దగ్గరికి హుక్ మొన సరిగ్గా వచ్చే వేళ, చివరిది. సూది దేన్నయినా గట్టిగా కొట్టిన తరువాత మొదలైన తెగుడు, కుట్లు తప్పడమూ దారం చీలడమూ కలిసి రావడం, కొత్త సూది వేసినా మార్పు లేకపోవడం, ఈ మూడూ కలిస్తేనే దాని వైపు చూడండి. ప్లేటు తీసి చక్రాన్ని చేత్తో తిప్పితే, సూది అట్టడుగు నుంచి కొద్దిగా పైకి లేస్తుండగా హుక్ మొన బెజ్జానికి కాస్త పైన, ఆ పల్లంలో సూదికి దాదాపు ఆనుకున్నట్టుగా, కానీ ఆనకుండా దాటాలి. అలా దాటుతోంటే మరలు విప్పకండి. దాటకపోతే మీ మోడల్ మాన్యువల్‌లోని కొలతలు తప్ప మరెవరి మాటా వినకండి; విప్పే ముందు హుక్, ఇరుసు ఉన్న స్థానాన్ని మార్కరుతో గీసి, ఫోటో తీసుకోండి. టెక్నీషియన్‌ను పిలిచేట్టయితే తెగిన కొనలను, దిశల పరీక్ష చేసిన గుడ్డను ఆయనకు చూపండి, లేదా ఫోటోలు పంపండి.

తెగిన చోట మళ్లీ మొదలుపెట్టడం

లోపం తీరాక, తెగిన చోటికి ముందున్న కుట్లు ఓ మూడు అంగుళాల మేర విప్పి, రెండు దారాల కొనలూ ముడి వేయడానికి చాలినంత పొడవు వచ్చేలా చూసుకోండి. కింది దారాన్ని పైకి లాగి, రెండు కొనలూ చేతిలో పట్టుకుని, విప్పిన మొదటి కుట్టు రంధ్రంలోనే సూది దించి మొదలుపెట్టండి. ఆరంభంలో కొనలు వదులుగా ఉంటే అవే హుక్‌లో చుట్టుకుని మరోసారి తెంపుతాయి. పాత కొనలను, కొత్త కొనలను జతగా ముడి వేసి, చేతి సూదితో దూది పొరలోకి దించి, అంగుళం దూరంలో పైకి తీసి కత్తిరించండి. హుక్‌లో తెగిన దారపు ముక్కేదీ మిగిలి లేదని చూసుకున్నాకే వేగం పెంచండి.